రెండోసారి తొక్కితే పడే బ్రేకు
పాత పికప్ బండ్లు: అపోహలు – వాస్తవాలు

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి మోసే బండ్లలో ఇప్పుడు కొత్తవే ఎక్కువ. అయినా కోసిగి, ఆలూరు, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పాత మహీంద్రా జీపు పికప్పులు, టాటా 407లు, 207లు ఇంకా పొలం పనుల్లో ఉన్నాయి. మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించుకుని బిగించడం మొదలుపెట్టింది 1940ల చివర్లో. టాటా 407 రోడ్డెక్కింది 1986లో. ఇంజన్ కొంచెం పొగ వదిలితే చాలు, ఈ బండ్ల ఓనర్లు కంగారుపడి షెడ్డుకు తీసుకెళ్తారు. బ్రేకు సగం పడుతున్నా మాత్రం "ఏం కాదులేప్పా, ఇంకోసారి తొక్కితే పడుతుంది" అంటారు. అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది. అందుకే మొదట దాని సంగతి చూద్దాం.

అపోహ: రెండు మూడుసార్లు పంపింగ్ చేస్తే బ్రేకు పడుతోందంటే బ్రేకు బాగున్నట్టే.

కాదు. ఎక్కడో లోపముందని పెడల్ చెబుతోంది, మనం పంపింగ్ చేసి దాని నోరు మూయిస్తున్నాం. ఈ బండ్లలో పెడల్ కింద పాదానికి తగిలే తేడాను బట్టే సగం రోగం తెలిసిపోతుంది. బండి ఆపి, ఇంజన్ స్టార్ట్‌లో ఉంచి నెమ్మదిగా తొక్కి చూడండి.

మొదటిసారి లోతుగా దిగిపోయి, పంపింగ్ చేశాక పైకొచ్చి గట్టిగా నిలబడితే లైనర్లు అరిగి షూకీ డ్రమ్ముకీ మధ్య గ్యాప్ పెరిగిందని అర్థం. అడ్జస్ట్ చేస్తే సరిపోతుంది. లైనర్ రివెట్ల దాకా అరిగి ఉంటే మార్చాల్సిందే. ఎన్నిసార్లు తొక్కినా స్పాంజి మీద కాలు పెట్టినట్టుంటే లైన్లో గాలి చేరింది. ఇక గట్టిగా తొక్కిపట్టి ఉంచినా పాదం కింద మెల్లమెల్లగా జారిపోతుంటే జాగ్రత్త పడాలి. డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పెడల్ దిగుతోందంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు అరిగి, ఒత్తిడి వెనక్కి తప్పించుకుంటోంది. ఆయిల్ కూడా తగ్గుతుంటే బయటికే కారుతోంది. నాలుగు చక్రాల లోపలి వైపు, హోసుల చివర్లలో తడి ఉందేమో చూడండి. పెడల్ రాయిలా ఉండి బండి ఆగకపోతే లైనర్లు కాలి నునుపెక్కాయి, లేదా వాటికి గ్రీజు పట్టింది. బూస్టర్ ఉన్న బండి అయితే వాక్యూమ్ అందడం లేదేమో కూడా చూసుకోవాలి.

చాలా పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఒక హోసు పగిలిందంటే నాలుగూ పోయినట్టే. రెండోసారి తొక్కడానికి అక్కడ ఏమీ మిగలదు.

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గితే పోస్తే చాలు. దొరక్కపోతే ఇంజన్ ఆయిలైనా సరే, సబ్బు నీళ్లైనా సరే.

నాలుగూ డ్రమ్ము బ్రేకులైన బండిలో ఆయిల్ మట్టం మాటిమాటికీ పడిపోతుంటే ఎక్కడో లీకుంది. అది వెతక్కుండా పైన పోయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఇంజన్ ఆయిల్ సంగతి ఇంకా ఘోరం. బ్రేకు వ్యవస్థలోని రబ్బర్లు గ్లైకాల్ ద్రవం కోసం తయారైనవి. వాటికి మినరల్ ఆయిల్ తగిలితే ఉబ్బిపోతాయి. ఆ రోజుకు బండి ఇల్లు చేరొచ్చు. తర్వాత కప్పులు సిలిండర్లలో బిగుసుకుంటాయి. అప్పుడు మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు వీల్ సిలిండర్ల దాకా, హోసులతో సహా రబ్బరన్నది ఉన్న ప్రతిదీ మార్చి, పైపులు కడగాలి. అర లీటరు డబ్బా ఆదా చేయబోతే అయ్యే ఖర్చు ఇది. షెడ్డులో రబ్బరు కప్పుల్ని పెట్రోల్‌లోనో డీజిల్‌లోనో ముంచి కడుగుతుంటే అక్కడే ఆపండి. వాటిని కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి.

సబ్బు నీళ్లలో ఉన్నది నీళ్లే కదా, 100 డిగ్రీలకే మరుగుతాయి. డాట్ 3 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అదే ద్రవం గాల్లోని తేమను పీల్చుకున్నాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. ద్రవం మరిగితే ఆవిరి పుడుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ ఒక్కసారిగా నేలకు తగులుతుంది. అందుకే లీకు లేకపోయినా రెండేళ్లకోసారి ద్రవం మొత్తం మార్చాలి. మూత తీసి వాడిన పాత డబ్బా అటక మీద దాచుకోవద్దు.

పాత జీపుల్లో మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద, ఫ్లోర్ అడుగున ఉంటుంది. మూత విప్పబోయే ముందు చుట్టూ ఉన్న నల్లరేగడి దుమ్మును తడిగుడ్డతో పూర్తిగా తుడవాలి. లోపల పడిన చిటికెడు ఇసుక కప్పును గీరడానికి చాలు. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. కుడివైపు స్టీరింగ్ ఉన్న మన బండ్లలో అది సాధారణంగా వెనక ఎడమ చక్రం. చక్రం దగ్గర గాలి వదిలే నిప్పల్ బిగించాకే పెడల్ మీద మనిషి కాలు తీయాలి. ఈ వరస తప్పితే పొద్దంతా తొక్కినా గాలి పోదు.

అపోహ: పెడల్‌లో ఆట తీసేస్తే బ్రేకు షార్ప్‌గా పడుతుంది.

ఆ కొంచెం ఆట కావాలనే ఉంచారు. పెడల్ వదిలినప్పుడు మాస్టర్ సిలిండర్‌లో ఒక సన్నటి రంధ్రం తెరుచుకుని, వేడికి వ్యాకోచించిన ద్రవం డబ్బాలోకి తిరిగిరావాలి. ఆట తీసేస్తే ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. ఆదోనిలో బయల్దేరిన బండి ఎమ్మిగనూరు చేరేసరికి దానంతటదే బ్రేకు పట్టేసి, డ్రమ్ములు కాలిపోతుంటాయి. అలా జామైనప్పుడు చక్రం దగ్గర నిప్పల్ కొంచెం వదులు చేసి చూడండి. ద్రవం చిమ్మి చక్రం తిరిగితే ఒత్తిడి లైన్లో చిక్కుకుందన్నమాట. ఆట లేకపోవడమో, లోపల వాచి మూసుకుపోయిన హోసో కారణం. అయినా తిరగకపోతే షూ, స్ప్రింగుల దగ్గర చూడాలి.

అపోహ: బండి ఎడమకు లాగితే ఎడమ బ్రేకు తగ్గిస్తే సరి.

చాలాసార్లు ఎడమది బాగానే పనిచేస్తుంటుంది. పడనిది కుడిది. వీల్ సిలిండర్ కారి లైనర్ తడిసి ఉంటుంది. బాగున్నదాన్ని తగ్గిస్తే బండి నేరుగా పోతుంది గానీ ఆగదు. నూనె పీల్చిన లైనర్‌ను పెట్రోల్ పోసి కాల్చినా, ఉప్పుకాగితంతో రుద్దినా లాభం లేదు. వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకొస్తుంది. లీకు ఆపి, రెండువైపులా కొత్త లైనర్లు వేయాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ములోని పొడిని కంప్రెసర్ గాలితో ఊదొద్దు, తడిగుడ్డతో తీయండి.

కారుతున్న చక్రం లైనుకు డమ్మీ కొట్టి, అంటే దాన్ని మూసేసి నడిపే అలవాటూ ఉంది. దాని గురించి చర్చే అనవసరం, చేయకూడదు.

అపోహ: మనది మైదానం, ఘాట్ కాదు. దిగుడులో న్యూట్రల్ చేస్తే డీజిల్ కలిసొస్తుంది.

మైదానంలోనూ గేదె అడ్డమొస్తుంది. స్పీడు రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగింతలు. ఇక ఉగాదికి శ్రీశైలం పోయే దారిలో నల్లమల ఘాట్ ఉండనే ఉంది. అక్కడ న్యూట్రల్ వేస్తే ఇంజన్ పట్టు పోయి భారమంతా షూల మీదే పడుతుంది. డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూకు దూరమవుతుంది, పెడల్ దిగుతూ పోతుంది. ఇంజన్ కూడా ఆపేస్తే, బూస్టర్ బండిలో వాక్యూమ్ కొన్ని తొక్కులకే అయిపోతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమైందో దిగేటప్పుడూ ఆ గేరులోనే దిగండి.

లోడు సంగతీ కంటితో తేల్చేది కాదు. పత్తి ఆకాశమంత ఎత్తు కనబడుతుంది. అంతకంటే చాలా తక్కువ ఎత్తున్న ఉల్లి బస్తాలు, బేతంచెర్ల నాపరాళ్లు బ్రేకుల్ని ఎక్కువ పరీక్షిస్తాయి.

అపోహ: ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) వచ్చింది కాబట్టి బ్రేకులు ఓకే.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఎఫ్‌సీ ఏటా తీసుకోవాలి. అది ఆ రోజు పరిస్థితికే సాక్ష్యం. వంక దాటాక డ్రమ్ములోకి నీళ్లు, బురద పోయాయంటే ఆ కాగితం ఏం చేస్తుంది?

అపోహ: హ్యాండ్ బ్రేకు వేస్తే జాకీ ఎత్తొచ్చు.

పాత విల్లీస్ తరహా జీపుల్లో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలను పట్టుకోదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనకున్న చిన్న డ్రమ్ము ద్వారా ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. ఒక వెనక చక్రం గాల్లోకి లేవగానే డిఫరెన్షియల్ వల్ల అది వెనక్కి తిరుగుతుంది, నేల మీదున్న రెండోది ముందుకు దొర్లుతుంది. హ్యాండ్ బ్రేకు బిగించే ఉన్నా బండి జాకీ మీంచి జారుతుంది. కాబట్టి ఈ పత్తి సీజన్‌కు ముందు నాలుగు డ్రమ్ములూ విప్పించేటప్పుడు, ఎత్తని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాకే జాకీ తిప్పండి. బండి కిందికి దూరే ముందు స్టాండు పెట్టారో లేదో చూసుకోండి.