నీళ్ల బల్ల చేద్దామనుకున్నా... మందు డ్రమ్ము తెచ్చి పెట్టా!

మాది ప్రత్తిపాడు. కాకినాడ వైపు ఉన్నది కాదండీ, గుంటూరు దగ్గరది. ఊరి పేరులోనే పత్తి ఉంది, చుట్టూ పొలాల్లో పత్తీ మిరపా ఉన్నాయి. నేను మాత్రం హైదరాబాద్‌లో కోడింగ్ చేసుకుంటూ బతికేస్తున్నా. మొన్న ఎండాకాలంలో వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని ఇంటికొచ్చా. అదే టైమ్‌కి అక్క పిల్లలు సెలవులకి దిగారు. పెద్దోడికి నాలుగేళ్లు, చిన్నదానికి రెండున్నర.

రెండు రోజులకే ఇంట్లో ఫోన్లన్నీ వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయాయి. నా ఆఫీస్ కాల్ కూడా ఒకసారి పెద్దోడే కట్ చేశాడు. మూడో రోజు చూస్తే ఇద్దరూ పెరట్లో కుళాయి కింద చెంబులతో నీళ్లు ఒంపుకుంటూ గంటసేపు ఆడుకున్నారు. ఫోన్ ఊసే లేదు. అప్పుడొచ్చింది ఐడియా. వీళ్ల ఎత్తుకి సరిపడా ఒక నీళ్ల బల్ల చేస్తే?

నాన్న కేకేసిన రోజు

యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూశా. అన్నిట్లోనూ పెద్ద ప్లాస్టిక్ తొట్టి కావాలన్నారు. మా కొట్టం వెనక సగానికి కోసిన నీలం డ్రమ్ము ఒకటి కనిపించింది. బలంగా ఉంది, పైగా ఫ్రీ. సర్ఫ్ వేసి రెండుసార్లు కడిగి, వాసన కూడా చూశా. ఏమీ రాలేదు. నీళ్లు నింపి పిల్లల్ని పిలవబోతుండగా నాన్న పొలం నుంచి వచ్చారు.

"ఏందిరా అది? ఎక్కడిది తెచ్చావ్?"

"కొట్టం వెనకది నాన్నా. కడిగేశాలే."

"కడిగితే పోద్దనుకున్నావా? నిరుడు మిరపకి మందు కలిపింది దాంట్లోనేరా!"

ఒక్క తాపుతో నీళ్లన్నీ ఒలకబోశారు. చిన్నది బెదిరిపోయి అక్క చంక ఎక్కింది. మా నాన్న నా మీద అంత గట్టిగా అరవడం నేను బీటెక్‌లో బ్యాక్‌లాగ్ తెచ్చుకున్నప్పుడు కూడా చూళ్లేదు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైతే? చిన్నది ఏది దొరికినా ముందు నోట్లోనే పెట్టుకుంటుంది.

చాలా పురుగుమందులు నోట్లోంచే కాదు, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి వెళ్తాయి. ప్లాస్టిక్ కొంత మందుని పీల్చుకుంటుంది కాబట్టి వాసన లేదంటే మందు లేదని అర్థం కాదు. 2013 జులై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. నూనెని పాత మందు డబ్బాలో పోసి ఉంచారని అప్పట్లో వార్తలొచ్చాయి.

మందు డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు అంటే అత్యంత విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా సరే, ఖాళీ డబ్బా ఇంట్లో వాడకూడదు. దాన్ని పగలగొట్టి ఊరికి దూరంగా పాతిపెట్టాలని 1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్ చెబుతున్నాయి. మన ఊళ్లలో ఎంతమంది చేస్తున్నారో మీకే తెలుసు.

ఈసారి సరిగ్గా

మర్నాడు నాన్నే బండి తీసి, "పద, కొత్త టబ్బులు కొందాం" అన్నారు. మేం చేసింది ఇదీ:

• కొత్త ప్లాస్టిక్ టబ్బులు రెండు. అంచులు బయటికి వంగి ఉన్నవైతే ఫ్రేములో బాగా కూర్చుంటాయి.

• పాత తలుపు చెక్కలతో వడ్రంగి మేస్త్రీ ఫ్రేము చేసిచ్చారు. ఎత్తు 18 అంగుళాలు, అంటే చిన్నదాని నడుము దాకా. రెండు టబ్బుల్లో కలిపి 30 లీటర్ల నీళ్లంటే 30 కిలోల బరువు. అందుకే కాళ్లకి అడ్డపట్టీలు కొట్టించాం. అంచులన్నీ గరుకు కాగితంతో రుద్దాం.

• టబ్బు అడుగున ట్యాంక్ నిపుల్, బాల్ వాల్వ్ బిగించాం. తిప్పితే చాలు, నీళ్లు ఖాళీ.

• అడుగు నుంచి 4 అంగుళాల ఎత్తులో పక్కన ఒక రంధ్రం. నీళ్లు అంతకు మించితే బయటికి పోతాయి. ఇది మాత్రం నా ఐడియానే.

• ఆటకి గరాటు, స్టీలు గ్లాసులు, డ్రిప్ పైపు ముక్కలు. పైపు కూడా కొత్తదే కొన్నాం. పొలంలో వాడిన దాంట్లోంచి ఎరువుల నీళ్లు పోయి ఉంటాయి.

వేప చెట్టు నీడలో పెట్టాం. ఎండలో ఉన్న పైపులోంచి మొదట వచ్చే నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి. అవి పోయాకే టబ్బు నింపాలి.

మూడు రూల్స్

ఒకటి, పెద్దవాళ్లు ఒకరు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి, ఫోన్ పక్కన పెట్టి. ప్రపంచంలో నీట మునిగే ముప్పు ఎక్కువగా ఉన్నది 1–4 ఏళ్ల పిల్లలకేనని డబ్ల్యూహెచ్‌వో చెబుతోంది. పసిపిల్లలకి కొన్ని అంగుళాల నీళ్లు చాలు. నా రంధ్రం నీటిమట్టాన్ని తగ్గిస్తుందంతే, కాపలా కాయదు.

రెండు, ఆట అవగానే వాల్వ్ తిప్పేయాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలవ ఉన్న మంచి నీళ్లలోనే.

మూడు, నీళ్లు వృథా కాకూడదు. వాల్వ్ కింద బకెట్ పెడతాం. సాయంత్రం ఆ నీళ్లు నిమ్మ చెట్టుకీ, కనకాంబరాలకీ పోస్తాం.

పొడుగు గ్లాసు గొడవ

ఓ రోజు పెద్దోడు పొట్టి గ్లాసులో నీళ్లు పొడుగు గ్లాసులో పోసి, "మావయ్యా, నీళ్లు పెరిగాయ్!" అన్నాడు. పియాజే అనే స్విస్ శాస్త్రవేత్త పిల్లల మీద చేసిన ప్రసిద్ధ ప్రయోగం ఇదే. సుమారు ఏడేళ్లలోపు పిల్లలు మట్టం పెరిగితే నీళ్లు పెరిగాయనే అనుకుంటారట. నేను తప్పని చెప్పలేదు. "మళ్లీ పొట్టి దాంట్లో పొయ్యి చూడు" అన్నా. పోశాడు. కాసేపు గ్లాసు వంక చూసి, మళ్లీ పొడుగు దాంట్లో పోశాడు. అలా ఎన్నిసార్లు పోశాడో లెక్కే లేదు.

ఇక ఆ నీలం డ్రమ్ము. నాన్న దాన్ని గొడ్డలితో ముక్కలు చేశారు. ఇద్దరం ఊరికి దూరంగా, కాలవకీ బావికీ ఎడంగా గొయ్యి తీసి పాతిపెట్టాం. వచ్చేటప్పుడు నాన్న అన్నారు, "తప్పు నాది కూడారా. ఎప్పుడో చేయాల్సిన పని."

మీ ఇంటి వెనక కూడా అలాంటిది ఉందేమో, ఈ ఆదివారం ఒకసారి చూడండి. నీళ్ల బల్ల సంగతి ఆ తర్వాత.