ప్రత్తిచేనిలో పురుగుల సంతతి

మున్నేటి ఒడ్డున నున్న కీసర మొదలు నందిగామ, జగ్గయ్యపేటల వరకు గల మెట్ట ప్రాంతమున ప్రత్తి, మిరప ముఖ్యమైన పైరులు. వీనిని నమ్ముకొన్న రైతు వానకు ఎంత వెరచునో, పురుగునకును అంత వెరచును. పురుగు ఎట్లు పెరుగునో, దానిని అదుపులో నుంచునదేదో పంచాయతీ సభ్యులు ఎరుగుట అవసరము. ఏలయన ఇది ఒక్క చేనిగట్టుతో ఆగు విషయము కాదు.

తెల్లదోమ సంగతి చూతము. ఇది ఆకు అడుగున చేరి రసము పీల్చును. అది విసర్జించు తీపి జిగురుపై మసివంటి బూజు పట్టి ఆకు నల్లబడును. ఒక ఆడదోమ నూరు గ్రుడ్లు పెట్టుననియు, అందు సగము ఆడవనియు, ఒక్కటియు చావదనియు అనుకొందము. మొదటి తరమున 50, రెండవ తరమున 2,500, మూడవ తరమున 1,25,000 ఆడదోమలగును. వేడి దినములలో తరమునకు రమారమి మూడు వారములు చాలును. ఈ లెక్క నిజమైనచో ప్రత్తిమొక్క యన్నదే మిగులదు. మిగిలియున్నదన్నచో వాతావరణముతోపాటు, ఆ గ్రుడ్లను, పిల్లలను తిను జీవులును చేనిలో నున్నవన్నమాట. అక్షింతల పురుగు, అల్లికరెక్కల పురుగు పిల్ల, సాలీడు, దోమపిల్లలో తన గ్రుడ్డు పెట్టు కంటికానని కందిరీగ - ఇవియే ఆ కావలివారు. వీరికి జీతము లేదు.

శత్రువు హెచ్చినపుడు తిండి దొరకి మిత్రులు కొంత ఆలస్యముగా హెచ్చుదురు, తగ్గినపుడు తగ్గుదురు. ఈ సంబంధమును 1926లో ఇటలీ గణితవేత్త వోల్టెర్రా చేపల విషయమున లెక్కగట్టి ఒక చిత్రమైన సంగతి తేల్చెను. తినుదానిని, తినబడుదానిని ఒకే పాలున చంపుచు పోయినచో, సగటున తినబడునదియే హెచ్చును! విచక్షణ లేక చల్లిన మందు చేయు పనియు ఇదియే. పైగా మందునకు తట్టుకొన్న పురుగుల సంతతియే చేనిలో నిలుచును.

1980 తరువాత సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు ప్రత్తిపై విరివిగా చల్లబడినవి. 1984 - 87 నడుమ గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాలలో తెల్లదోమ విజృంభించుటకు ఇది ముఖ్య కారణములలో నొకటి. 1987-88లో శనగపచ్చ పురుగు పైబడినది. అప్పులపాలైన ప్రత్తిరైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి.

అన్నిటికిని మందే కారణమనరాదు. 2021లో మిరపపూతను పాడుచేసిన నల్ల తామరపురుగు ఆగ్నేయాసియా నుండి వచ్చినది. క్రొత్తచోట దాని నెరిగిన శత్రువులు తక్కువ. అయినను, ఉన్న కొద్దిపాటి మిత్రులను చంపుకొనుట వివేకము కాదు.

ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామము (నేడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో నున్నది) రసాయనిక పురుగుమందులు మాని, వేపగింజల కషాయము వంటి వానితో ప్రత్తి పండించినది. 2004 ప్రాంతమున అచ్చటి పంచాయతీ మందుల వర్తకులు ఊరిలోనికి రావలదని తీర్మానించినది. ఒక్క రైతు మానినచో ప్రక్కచేని మందు అతని మిత్రపురుగులను గూడ చంపును. ఊరంతయు కలిసినపుడే ఫలితము.

అంత దూరము పోలేని పంచాయతీలకును చేతిలో పని కలదు. తెల్లదోమకు ఆశ్రయమిచ్చు తుత్తురబెండ డొంకలవెంట, కాలువగట్లపై, అనగా ఎవరిదియు కాని నేలపై పెరుగును. విత్తునకు ముందే దానిని పీకించుట, తుది ప్రత్తి తీసిన పిమ్మట చేలలో పశువులను మేపి మోళ్లు తీయించుట, గట్లవెంట జొన్నయో సజ్జయో రెండు మూడు వరుసలు వేయుమనుట - వీనిని తొలకరికి ముందు జరుగు గ్రామసభలోనే నిర్ణయింపవచ్చును.