పత్తి రైతు ఇంట పెరటి కూర

రాజురా ప్రాంతపు సోదరీమణులారా! 1956కు ముందు ఆదిలాబాదు జిల్లాలో, నేడు చంద్రపూర్ జిల్లాలో ఉన్న మీ తాలూకాలో పత్తి డబ్బు ఏడాదికోసారి వస్తుంది, కూర మాత్రం రోజూ కావాలి. అది కరువైతే రక్తహీనత ముందుగా పట్టేది ఆడవాళ్లనూ, పిల్లలనూ.

పెరట్లో రెండు మళ్లు కట్టండి. తోటకూర 25–30 రోజుల్లో కోతకొస్తుంది. పది రోజుల తేడాతో మళ్లీ మళ్లీ విత్తితే తెగకుండా అందుతుంది. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటితే ఆకుకూరలు మాడిపోతాయి. అప్పుడు ఆదుకునేది మునగచెట్టు. కూరలు కడిగిన నీళ్లు (కుడితికి పోగా మిగిలినవే అనుకోండి!) దాని మొదట్లో పోయండి. మునగాకు వండి దించాక నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పత్తికి కొట్టిన మందు డబ్బాతో మాత్రం ఈ మళ్లకు నీళ్లు పోయకండి, ఎంత కడిగినా సరే.