పశువుల కొట్టంలో కరెంటు: మనం చేసుకోదగినది, చేయరానిది

నేడు చాలా కొట్టాలలో దీపం, ఫ్యాను, నీళ్ళ మోటారు, గడ్డి కత్తిరించే యంత్రం ఉంటున్నాయి. ఇంటి నుండి రెండు తీగలు లాగి వీటిని స్వయంగా బిగించుకునే వారు మనలో ఎందరో ఉన్నారు. ఈ పనిలో మన చేతితో చేయదగినదేదో, చేయరానిదేదో ఇక్కడ వివరిస్తున్నాము.

కొట్టం ఇల్లు వంటిది కాదు

కొట్టంలో నేల మూత్రంతో, కడిగిన నీటితో తరచు తడిగా ఉంటుంది. పశువు నాలుగు కాళ్ళూ ఆ తడి నేల మీదనే ఉంటాయి. నేలలోకి కరెంటు దిగినప్పుడు దగ్గరకూ దూరానికీ వోల్టేజిలో తేడా ఏర్పడుతుంది. పశువు ముందు కాళ్ళకు, వెనుక కాళ్ళకు మధ్య దూరం ఎక్కువ కనుక ఆ తేడా దాని శరీరం గుండా కరెంటును నడుపుతుంది. ఆ దారిలోనే గుండె ఉన్నది. చెప్పులు తొడిగిన మనిషికి జిల్లుమన్న చోట గేదె కూలిపోవచ్చు.

కరెంటు కొద్దిగా కారినా పశువు నీళ్ళ తొట్టి దగ్గరకు రావడానికి వెనుకాడుతుంది, పితికేటప్పుడు బెదురుతుంది, పాలు సరిగా చేపదు. ఈ లక్షణాలు జబ్బు వల్ల కూడా రావచ్చు. కనుక పశువైద్యునికి చూపడంతో పాటు వైరింగును కూడా పరీక్ష చేయించాలి.

ఫ్యూజు ప్రాణాన్ని కాపాడదు

"ఫ్యూజు ఉన్నదిగా!" అని కొందరు ధైర్యంగా ఉంటారు. ఫ్యూజు గానీ, ఎం.సి.బి. గానీ తీగలు కాలిపోకుండా కాపాడేవి. అవి ఎన్నో ఆంపియర్లు పారితేనే తెగుతాయి. ప్రాణం తీయడానికి ఆంపియరులో పదోవంతు కూడా అక్కరలేదు.

ప్రాణరక్షణకు రెండు కావాలి. మొదటిది మంచి ఎర్తు. రెండవది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఇది ఫేజు తీగలో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సరిపోయినవో లేదో చూస్తుంది. తేడా వస్తే, అంటే కరెంటు నేలకో, ప్రాణికో పోతూ ఉంటే, రెప్పపాటులో సరఫరా నిలిపివేస్తుంది.

మనం చేసుకోదగిన పనులు

1. ఎర్తు గొయ్యి త్రవ్వడం. గోడకు కనీసం 1.5 మీటర్ల దూరంలో, పశువులు తిరగని చోట త్రవ్వాలి. అందులో 2.5 మీటర్ల ఇనుప గొట్టం దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. వేసవిలో ఆ గొయ్యిలో నీళ్ళు పోస్తూ ఉండాలి.
2. నెలకొకసారి ఆర్.సి.సి.బి. మీది టెస్టు బటను నొక్కి చూడడం. మీట పడిపోకపోతే అది పని చేయడం లేదని అర్థం.
3. మెయిన్ ఆపి, ఎలుకలు కొరికిన తీగలు, టేపు చుట్టిన అతుకులు, పగిలిన స్విచ్చులు ఎక్కడ ఉన్నవో చూసి గుర్తు పెట్టుకోవడం.
4. స్విచ్చులు, ప్లగ్గులు పశువు మూతికి, కొమ్ములకు, నీళ్ళకు అందని ఎత్తులో ఉండేలా ముందుగా స్థలం నిర్ణయించుకోవడం.

మనం చేయరాని పనులు

కొత్త లైను లాగడం, మీటరు దగ్గర కలపడం, మోటారు కనెక్షను ఇవ్వడం లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారానే జరగాలి. స్విచ్చి ఫేజు తీగకే ఉండాలి. న్యూట్రల్‌కు పెడితే స్విచ్చి ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది.

న్యూట్రల్ పోయినప్పుడు ఎర్తు గొట్టానికి తీగ చుట్టి దీపం వెలిగించడం కొన్ని ఊళ్ళలో ఉన్నది. ఇది మిక్కిలి ప్రమాదం. ఆ గొట్టం చుట్టూ ఉన్న నేలంతా కరెంటు నేల అవుతుంది. అలాగే మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను తీసివేయరాదు, ఎర్తు అదే. కరెంటు స్తంభానికి, స్టే వైరుకు పశువును కట్టరాదు.

ప్రమాదం జరిగితే

పశువు పడిపోయి కొట్టుకుంటుంటే ఆత్రంతో దాని మీద చేయి వేయకండి. పలుపు కూడా పట్టుకోకండి. ముందుగా మెయిన్ ఆపండి. తెగిన లైను అయితే దూరంగా ఉండి, ఇతరులను కూడా ఉంచి, 1912కు ఫోను చేయండి.

ఒక ఆర్.సి.సి.బి. ఖరీదు గేదె ఖరీదులో చాలా చిన్న భాగం. ఈ విషయాన్ని సంఘం సమావేశంలో చర్చించి, పలువురు సభ్యులు కలిసి ఒకే వైర్‌మన్‌ను పిలిపించుకుంటే ఖర్చు కూడా తగ్గుతుంది. వర్షాలు మొదలు కాకముందే ప్రతి సభ్యుడూ తన కొట్టాన్ని ఒకసారి పరీక్ష చేయించవలసినదిగా కోరుతున్నాము.