రెండవ జట్టుపై అభిమానం

ఉస్మానియా ప్రాంగణంలో ఆట ముగించి తార్నాక చాయ్ హోటలులో కూర్చున్నప్పుడెల్లా మా విద్యార్థులు ఒక వాదం లేవదీస్తారు: ఫుట్‌బాల్ అభిమానికి రెండవ జట్టు ఉండవచ్చునా?

మన నగర చరిత్రనే సాక్ష్యమడుగుదాము. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుమార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1950 డ్యూరాండ్ ఫైనలులో మోహన్ బగాన్‌ను ఓడించింది. తరువాత, 2023లో కన్నుమూసిన మన మహమ్మద్ హబీబ్ కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడినాడు. 1977లో పీలే ఉన్న కాస్మాస్‌తో మోహన్ బగాన్ 2-2గా సరితూగినప్పుడు ఒక గోలు అతనిదే. ఆనాడు పాత ప్రత్యర్థి మేలు కోరిన హైదరాబాదీని ద్రోహి అనగలమా?

అయితే హబీబ్ జట్టు మారినప్పుడెల్లా తానూ మారే అభిమానం ఆటగానిపైనే గాని జట్టుపై కాదు. గీటురాయి ఒక్కటే: ఆటగాడు వెళ్ళిపోయిన పిమ్మట కూడ, ఆ జట్టు ఓడిననాడు మనసు కలుక్కుమనాలి. రెండు జట్లూ తలపడితే మొదటిదానివైపే మొగ్గుతాము, అది సహజం. ఇంట ఉర్దూ, తరగతిలో తెలుగు పలికే మాకిది అనుభవమే: రెండవదానిని ప్రేమించుట మొదటిదానిని తగ్గించుట కాదు.