గుండ్లకమ్మ ఒడ్డున చందవరం

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ సముద్రంలో కలిసేలోగా ఎన్నో పల్లెలను తాకుతూ పోతుంది. దొనకొండకు వాయవ్యంగా ఉన్న చందవరం వాటిలో ఒకటి. చిన్న ఊరే. కాని పక్కనున్న గుట్టమీద శాతవాహనుల కాలంనాటి, సుమారు రెండువేల ఏండ్ల బౌద్ధస్తూపం ఉన్నది.

1964లో వేలూరి వెంకట కృష్ణశాస్త్రిగారు ఈ చోటును గుర్తించారు. 1972 నుంచి తవ్వకాలు జరిగాయి. రెండంతస్తుల వేదికతో కట్టిన మహాస్తూపం, చుట్టూ చిన్న స్తూపాలు, చెక్కడపు పనిగల సున్నపురాతి పలకలు బయటపడ్డాయి.

మేము సంఘాల తనిఖీకి వెళ్లి స్టాకు రిజిస్టరు అడిగితే, "సామాను కళ్లెదుటే ఉంది గదండీ!" అనే కార్యదర్శులున్నారు. చందవరంలోనూ సామాను కళ్లెదుటే ఉండేది. అయినా కొన్ని శిల్పాలు దొంగలపాలయ్యాయి. బుద్ధుని కొలిచే భక్తులను చెక్కిన పలక ఒకటి న్యూయార్కులోని వర్తకుల చేతిమీదుగా 2005లో ఆస్ట్రేలియా జాతీయ కళాప్రదర్శనశాలకు చేరింది. వారు చెల్లించిన వెల 5,95,000 అమెరికా డాలర్లు. అమ్మినవారు చూపిన కాగితాల ప్రకారం పలక చాలా ఏండ్ల క్రితమే సక్రమంగా దేశం దాటింది. కాగితాలన్నీ పద్ధతిగానే కనిపించాయి. ఆ మాట నిజం కాదని పట్టిచ్చింది ఒక పాత ఫొటో. కాగితంలో రాసిన కాలం తర్వాత కూడా పలక మన దేశంలోనే ఉన్నట్టు అందులో స్పష్టంగా కనబడింది. 2016లో ఆస్ట్రేలియా ప్రభుత్వం దానిని భారతదేశానికి తిరిగి అప్పగించింది.