సున్నా ఎక్కడ పెట్టాలి?

డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్న మా అమ్మాయి ఆ రాత్రి ల్యాప్‌టాప్ మూసేసి, "ఇది నాకు రాదమ్మా, కోర్సు మారిపోతాను" అంది. నాకు జావాస్క్రిప్ట్ తెలియదు. కానీ క్యాష్ కౌంటర్లో పద్దెనిమిదేళ్లు కూర్చున్నదాన్ని. "అసలు లెక్కేమిటో చెప్పు" అన్నాను.

వాక్యంలోని ఒక్కో మాటలో ఇంగ్లీషు 'ఎ' అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో చెప్పాలట. తను ఇచ్చిన మాటలు మ్యాంగో, బనానా, గ్రేప్. ఇంగ్లీషు స్పెల్లింగు ప్రకారం 1, 3, 1 రావాలి. తెర మీద 1, 4, 5 వచ్చింది.

దీనికి లూపులో లూపు వాడతారు. బయటి లూపు ఒక్కో మాటనూ తీస్తుంది, లోపలి లూపు ఆ మాటలోని అక్షరాలను వరుసగా చూస్తుంది. మనకిదేం కొత్త కాదు. బండిల్ విప్పితే 10 ప్యాకెట్లు, ప్యాకెట్‌కి 100 నోట్లు. ఒక ప్యాకెట్ పూర్తయ్యాకే రెండోది అందుకుంటాం.

1, 4, 5 చూడగానే నాకు తట్టింది. రెండో ప్యాకెట్‌ను ఒకటి నుంచి కాక నూటొకటి నుంచి లెక్కపెడుతోంది! కౌంట్‌ను సున్నా చేసే లైను రెండు లూపులకూ పైన, ఒక్కసారే ఉంది. అప్పటిదాకా ఒకే మాట ఇచ్చి చూసుకుందట, అందుకే తప్పు బయటపడలేదు.

"ఆ సున్నాను లోపల పెట్టు" అన్నాను గొప్పగా. పెట్టింది. ఈసారి 0, 1, 0! తనకన్నా నాకే ఎక్కువ కంగారు.

అప్పుడు తనే 'కన్సోల్ లాగ్' అనే ఆదేశంతో ప్రతి అడుగులోనూ అక్షరాన్నీ, కౌంట్‌నూ తెర మీదికి రప్పించింది. క్యాష్‌లో తేడా వస్తే మనం వోచర్లు ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వెళ్తామే, అలా. బనానా దగ్గర విషయం తెలిసింది. నా మాట విని సున్నాను మరీ లోపలికి, అక్షరాల లూపులోకి తోసేసింది. ప్రతి అక్షరానికీ పాత లెక్క చెరిగిపోయి, చివరి అక్షరం ఒక్కటే లెక్కకు మిగులుతోంది. బనానా చివర 'ఎ' ఉంది కనుక దానికి 1. మిగతా రెండింటికీ సున్నా.

చివరికి బయటి లూపు లోపల, లోపలి లూపుకి ముందు పెట్టింది. 1, 3, 1.

కోర్సు మారే మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు 'తెలుగు' అని రాసి పొడవు అడిగితే 3 అనకుండా 6 అంటోందని కూర్చుంది. గుణింతపు గుర్తులను కూడా అది విడిగా లెక్కేస్తుందట!